చాచా హార్మోనియం, నాన్న టేప్ రికార్డర్

నాన్న స్నేహితుడు చాచా పోయి నలభై రోజులు దాటాక, ఒక ఆదివారం పొద్దున ఆయన భార్య చాచీ మా ఇంటికి వచ్చింది. కొల్లూరు నుంచి బీరంగూడ దాకా కొడుకు ఆటోలో తీసుకొచ్చి, డ్యూటీ ఉందంటూ గుమ్మంలోంచే వెళ్ళిపోయాడు. ఆమె లోపలికి వచ్చి హాల్లో కిటికీ పక్కనున్న కుర్చీలో కూర్చుంది. ప్రతి ఆదివారం చాచా కూర్చునే కుర్చీ అది. ఆమెకు ఆ సంగతి తెలియదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, ఒక్క క్షణం ఆగి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నాన్న లోపలి గదిలోంచి వచ్చి నమస్కారం పెట్టాడు. మెడ దగ్గర కట్టుకునే పల్చటి గుడ్డ సరిచేసుకుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"భయ్యా, ఒక్కటి అడగనీకి వచ్చిన," అంది చాచీ. "మా ఆయన హార్మోనియం బాజా వాయిస్తుంటె మీరు టేపుల పట్టిండ్రంట గదా. ఆయననే చెప్తుండె. ఆ టేపు ఇంకా ఉన్నదా? ఒక్కసారి వినాలని ఉన్నది నాకు."

నాన్న ఆమె వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ, లేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు.

అమ్మ నా వైపు చూసింది. ఆ టేపు ఇంట్లోనే ఉందని అమ్మకు తెలుసు, నాకూ తెలుసు. కానీ నాన్న లేదన్న మాటను ఆయన ఎదుట ఉందని ఎలా అంటాం? చాచీ చాలాసేపు కూర్చుని, టీ తాగి, చాచా చివరి రోజుల గురించి చెప్పింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా మంచం అంచు మీద వేళ్ళు కదిలిస్తుండేవాడట. వెళ్ళేటప్పుడు, "లేకుంటే ఏం చేస్తం భయ్యా, పరేషాన్ గాకుండ్రి," అని నాన్నకే ధైర్యం చెప్పి వెళ్ళింది.

మా నాన్న కృష్ణ ఒడ్డు నుంచి ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చిన మనిషి. పక్కనే ఉన్న పెద్ద ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరు. చాచాది పటాన్‌చెరు పాత ఊరు. అదే కర్మాగారంలో లేతు యంత్రం మీద పని చేసేవాడు. నాన్నకు చిన్నప్పటి నుంచి పౌరాణిక నాటకాల పద్యాలంటే ప్రాణం. చాచా వాళ్ళ నాన్న కవ్వాలీలకు హార్మోనియం వాయించేవాడు, చాచాకూ ఆ విద్య అబ్బింది. షిఫ్టు బస్సులో నాన్న పద్యం ఎత్తుకుంటే వెనక సీట్లోంచి ఈయన వేళ్ళతో సీటు రాడ్డు మీద తాళం వేశాడట. స్నేహం అలా మొదలైంది. చాచాకు తెలుగు చదవడం రాదు. పద్యాల అర్థం కూడా నాన్న చెబితేనే తెలిసేది. అయినా నాన్న ఎక్కడ రాగం తీస్తాడో, ఎక్కడ ఊపిరి అందుకోవడానికి ఆగుతాడో ఆయనకు తెలిసిపోయేది. ఆ ఆగిన చోట హార్మోనియం నింపేవాడు. వినాయక చవితి పందిళ్ళలో, దసరాకు, భానూరు, బీరంగూడ, పటాన్‌చెరు చుట్టుపక్కల ఎక్కడ పిలిచినా ఇద్దరూ కలిసి వెళ్ళేవారు.

నాన్న గొంతులో మొదట బొంగురు వచ్చింది. జలుబనుకున్నాం, దుమ్మనుకున్నాం. ఒక పందిట్లో పద్యం పైస్థాయికి వెళ్ళేచోట గొంతు ఉన్నట్టుండి విరిగిపోయింది. చాచా వెంటనే హార్మోనియం మోత పెంచి కప్పేశాడు, జనానికి తెలియలేదు. ఆ తర్వాత పరీక్షలు చేస్తే కాన్సరని తేలింది. స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం పెట్టారు. అప్పటి నుంచి నాన్న ఊపిరి నోటి వెంట కాదు, అక్కడి నుంచే. గొంతుకు ఆనించి మాట్లాడే చిన్న యంత్రం ఒకటి ఆస్పత్రి వాళ్ళు ఇచ్చారు. దాన్ని పెట్టుకుని నాన్న ఒకే ఒక్క మాట అన్నాడు. "ఇంటికెళ్దాం." రేకు డబ్బాలో తేనెటీగ తిరిగినట్టు వచ్చింది ఆ మాట. ఆ యంత్రాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. పెదాలు కదిలిస్తాడు, మేం చదువుకుంటాం. అమ్మకు బాగా అలవాటు. నాకు కొన్ని మాటలు ఇప్పటికీ తడబడతాయి. పిలవాలంటే చప్పట్లు కొడతాడు.

నా పెళ్ళి ఆ మరుసటి ఏడాది జరిగింది. మా ఆయనది సంగారెడ్డి. ఆపరేషన్ తర్వాత వచ్చినవాడు కాబట్టి ఆయనకు మామగారి గొంతు ఎలా ఉండేదో తెలియదు. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో, కింద వాళ్ళు, పైన మేము. అయినా తెలియదు.

ఆపరేషన్ అయ్యాక కూడా చాచా ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఇద్దరి మాటలూ తనే మాట్లాడేవాడు. మొదటి ఏడాదిలో ఒకసారి హార్మోనియం కూడా మోసుకొచ్చాడు. "అన్నా, నువ్వు పెదాలు కదిలియ్యి, నేను వాయిస్త. నాకు వినపడ్తది," అన్నాడు. బాజా తెరిచి శ్రుతి పట్టాడు. నాన్న లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.  చాచా బాజా మూసి, గుడ్డ కప్పి, అమ్మకు చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం మామూలుగానే వచ్చాడు గానీ బాజా మళ్ళీ తేలేదు. నాన్న ఆ వారమే కాసెట్లన్నీ సంచిలో వేసి చెత్తబండికి ఇచ్చేశాడు. ఒక్కటి మాత్రం, టేప్ రికార్డర్లో ఉండిపోయినది, అమ్మ తీసి దాచింది. ఆ రికార్డర్ని కూడా అటక మీద పాత సూట్‌కేసులో పెట్టింది. నాన్నకు ఆ సంగతి తెలిసే ఉంటుంది. ఎప్పుడూ అడగలేదు.

 చాచీ వెళ్ళాక, మధ్యాహ్నం భోజనాల తర్వాత అమ్మ కంచాలు తీస్తూ నాన్నతో అంది.

"ఆయన ఇన్నేళ్ళు వచ్చారు, పోయారు. మిమ్మల్ని ఏమన్నా అడిగారా? ఆవిడ ఇవాళ వచ్చి అడిగింది. లేదన్నారు."

నాన్న చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు. సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే లోపలి నుంచి చప్పట్లు వినిపించాయి. వెళ్ళి చూస్తే నాన్న అటక కింద నిలబడి పైకి చూపిస్తున్నాడు.

"ఏంది మామా, సూట్‌కేసా?" అన్నాడు మా ఆయన. స్టూలు వేసుకుని దించాడు.

అరచేతి కన్నా కాస్త పెద్దగా, భుజానికి తగిలించుకునే పట్టీతో ఉండే రికార్డర్ అది. చాచా బావమరిది గల్ఫ్ నుంచి తెచ్చి ఇచ్చాడు. ఎక్కడికైనా తీసుకెళ్ళవచ్చని నాన్నకు దానంటే మహా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు బ్యాటరీల గది తెరిస్తే, లోపలే ఉండిపోయిన పెన్సిల్ సెల్లులు కారిపోయి, తీగ స్ప్రింగుల చుట్టూ తెల్లగా, పచ్చగా ఉప్పు పేరుకుని ఉంది. నాన్న దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడబోయి మానేశాడు. ఆపరేషన్ తర్వాత ఆయనకు వాసనలు సరిగా తెలియవు.

మరునాడు ఫ్యాక్టరీ నుంచి వస్తూ పటాన్‌చెరులో దిగాను. నేనొక మందుల కంపెనీలో పరీక్షల విభాగంలో పని చేస్తాను. బస్టాండు దగ్గర ఒకప్పుడు రేడియోలు, టేపులు బాగుచేసిన దుకాణం ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతోంది. రికార్డర్ చూపిస్తే దుకాణదారు నవ్వాడు.

"మేడం, గివి ఇప్పుడు ఎవ్వరు చేస్తలేరు. లోపట బెల్టు కరిగిపోయి ఉంటది. ఆన్‌లైన్ల ఆర్డర్ పెట్టుండ్రి, అన్ని సైజుల బెల్టులు కలిపి ప్యాకెట్ వస్తది. జెర ఓపిక ఉంటె మీరే చేస్కోవచ్చు."

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే నాన్న తల ఊపాడు. చేద్దామన్నాడు. నాన్నకు కంటి ఆపరేషన్ అయ్యాక దగ్గరి చిన్న వస్తువులు సరిగా కనిపించవు, కుడిచేతి వేళ్ళు వణుకుతాయి. కాబట్టి చేతులు నావి, చూపించడం ఆయనది. బాల్కనీలో పేపరు పరిచి ఎదురెదురుగా కూర్చున్నాం. నేను తప్పు మరమేకు విప్పబోతే చప్పట్లు పడేవి. విప్పిన ప్రతి మరనూ ఏ చోటిది ఆ చోటే ఉండేలా, అమ్మ పోపుల డబ్బా మూతలో గోధుమపిండి ముద్ద పెట్టి అందులో గుచ్చమన్నాడు.

వెనక మూత ఊడదీస్తే దుకాణదారు చెప్పినట్టే ఉంది. మోటారును చక్రాలతో కలిపే రబ్బరు బెల్టు బెల్టులా లేదు. ఎండాకాలం రోడ్డు మీది తారులా కరిగి, చక్రాల గాడుల్లో, ఇనుప రేకు మీద అంటుకుపోయింది. ముట్టుకుంటే వేలికి నల్లగా సాగింది. మందుల షాపు నుంచి స్పిరిట్ తెచ్చి, అగ్గిపుల్లకు దూది చుట్టి, ముంచి తుడిచాను. ఎంత తుడిచినా నలుపు వస్తూనే ఉంది. సెల్లుల గదిలో ఉప్పు మీద నాన్న నిమ్మరసం వేయమన్నాడు. బుసబుసా నురగ వచ్చింది. తర్వాత సన్న గరుకు కాగితంతో రుద్దితే స్ప్రింగు మెరిసింది. టేపు ఆనుకుని నడిచే చిన్న ఇనుప హెడ్డును, టేపును నొక్కి లాగే రబ్బరు చక్రాన్ని కూడా అలాగే తుడిచాను. ఆ చక్రం మీద గోధుమ రంగు పొడి పేరుకుని ఉంది.

"టేపు మీది పూత," అని నాన్న పెదాలు కదిపాడు. నేను మొదటిసారి అర్థం చేసుకోలేదు. రెండోసారి నెమ్మదిగా అన్నాడు. టేపు మీద మాటలు నిలిచేది ఆ పూతలోనే. ఎన్నిసార్లు తిప్పితే అంత రాలుతుంది. నాన్న, చాచాల పద్యాల్లో కొంత ఈ పొడిలో ఉందన్న మాట. నేను ఆ దూదిని చెత్తలో వేయడానికి కాసేపు ఆలోచించాను. నాన్న ఆలోచించలేదు. తీసి పారేశాడు.

చక్రాల చుట్టూ దారం వేసి కొలిచి, దానికన్నా కొంచెం పొట్టి బెల్టు ఆర్డర్ పెడితే వచ్చిన ప్యాకెట్లోంచి ఎంచి తొడిగాం. ముందు చాచా టేపు పెట్టనివ్వలేదు నాన్న. యంత్రం నమిలేస్తే మళ్ళీ దొరకదు. అమ్మ దగ్గరున్న పాత భక్తిపాటల కాసెట్టు ఒకటి పెట్టి చూశాం. తిరిగింది. ఏదో ఆడగొంతు పాట, గరగరమంటూ వచ్చింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మా ఆయన మెట్ల మీద కూర్చున్నాడు.

అప్పుడు నాన్న చాచా కాసెట్టు చూపించాడు.

ముందు హార్మోనియం వచ్చింది. ఆ వెంటనే ఏవో మాటలు, తర్వాత పద్యం ఎత్తుకున్న మగగొంతు. సన్నగా, గబగబా, ముక్కుతో పాడినట్టు, వయసు రాని కుర్రాడి గొంతులా. నేను నాన్న గొంతును పెళ్ళీడు వచ్చేదాకా రోజూ విన్నదాన్ని. అది ఆయనది కాదని వెంటనే తెలిసింది. కానీ అసలుది ఎలా ఉండేదో గుర్తు చేసుకుందామంటే ఈ సన్నటి గొంతే చెవిలో తిరుగుతోంది. భయం వేసింది.

మా ఆయనకు అవేమీ తెలియవు కదా. శ్రద్ధగా విన్నాడు. "మామా, మీ గొంతు గిట్లుండేనా? నేను జెర పెద్దగొంతు అనుకున్న," అన్నాడు.

నాన్న చేత్తో నేలను గట్టిగా కొట్టాడు. కాదు, కాదని తల ఊపాడు. వంగి తనే మీట నొక్కి ఆపేశాడు. మెడ దగ్గర గుడ్డ గబగబా ఎగిరిపడుతోంది. కోపం వచ్చినప్పుడు ఆయన ఊపిరి అక్కడ కనిపిస్తుంది.

"ఇది మీ మామయ్యగారి గొంతు కాదు బాబూ," అంది అమ్మ. ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

రికార్డర్ కొన్ని రోజులు టీవీ పక్కన అలాగే పడి ఉంది. మోటారు వేగంగా తిరుగుతోందని, దాన్ని సరిచేసే మర మోటారు వెనక చిన్న కన్నంలో ఉంటుందని నాన్నకు తెలుసు. నాకు చూపించాడు కూడా. కానీ ఎంత తిప్పాలి? ఒకింత అటు తిప్పితే గొంతు బరువెక్కుతుంది, ఇటు తిప్పితే సన్నబడుతుంది. ఎక్కడ ఆపితే అది నాన్న? నేను ఒకచోట ఆపాను. అమ్మ ఇంకొంచెం తగ్గించమంది. నాన్న రెండూ కాదన్నాడు. తన గొంతు తనకే గుర్తు లేదని పెదాలతో అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి చదివినప్పుడు నేను స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాను.

ఆ శనివారం పొద్దున టిఫిన్ తింటూ నాన్న ఉన్నట్టుండి ఆగాడు. బల్ల అంచు మీద ఎడమచేత్తో గాలి కొట్టినట్టు, కుడిచేత్తో మెట్టు నొక్కినట్టు చేశాడు. మళ్ళీ చేశాడు.

"హార్మోనియమా?" అన్నాను.

అవునన్నాడు. నాలుగు వేళ్ళు చూపించాడు. ఆయనది నాలుగు శ్రుతి. చాచా పద్యానికి ముందు ఎప్పుడూ ఆ నాలుగో తెల్ల మెట్టునే నొక్కి పట్టేవాడు. టేపులో మోగుతున్న ఆ మెట్టు చాచీ ఇంట్లో ఉన్న బాజాలో ఇప్పటికీ ఉంది. రెండూ ఒకటిగా మోగేదాకా మర తిప్పితే చాలు. మనిషి గొంతు మారుతుంది, మరిచిపోతాం. ఇత్తడి రీడు అంతగా మారదు.

అమ్మను రమ్మన్నాను. రానంది.

"మీరు వెళ్ళి రండి. అది వింటే మళ్ళీ ఈ ఇంట్లోకి వచ్చి ఎలా ఉండాలో నాకు తెలీదు. ఎలాగోలా అలవాటు పడ్డాను."

కొల్లూరులో ప్రభుత్వం ఇచ్చిన రెండు గదుల ఇళ్ళ కాలనీ చాలా పెద్దది. ఏ బ్లాకు చూసినా ఒకలాగే ఉంటుంది. మా ఆయన కారు ఆపి రెండుసార్లు దారి అడిగాడు. లిఫ్టులోంచి బయటికి రాగానే పొడుగాటి వరండా, రెండు వైపులా తలుపులు, తలుపుల ముందు చెప్పులు. చాచీ తలుపు తీసింది. నాన్న చేతిలో రికార్డర్ చూసి ఏమీ అడగలేదు. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

లేదని చెప్పిన టేపు ఎక్కడి నుంచి వచ్చిందో నాన్న చెప్పబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "వచ్చిండ్రు గదా భయ్యా. కూసోండ్రి."

హార్మోనియం బీరువా మీద దుప్పట్లో చుట్టి ఉంది. మా ఆయన దించాడు. తిత్తి మడతల్లో ఒకచోట బట్ట అతికించి ఉంది. నాన్న దాని ముందు చాప మీద కూర్చున్నాడు. చేతులు వెంటనే పెట్టలేదు. తర్వాత ఎడమచేత్తో తిత్తిని నెమ్మదిగా ఊపి, నాలుగో మెట్టు నొక్కాడు. ముందు గాలి మాత్రమే వచ్చింది. ఆ తర్వాత దుమ్ము పట్టిన గరగర, దాని వెనక నుంచి స్వరం.

రికార్డర్ వెనక మూత తెరిచే ఉంచాను. టేపు తిప్పితే చాచా పట్టిన శ్రుతి వచ్చింది. గదిలోని స్వరం కన్నా పైన, పొంతన లేకుండా. నేను మోటారు కన్నంలో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి వెంట్రుకవాసి తిప్పాను. టేపులోని స్వరం దిగింది. శ్రుతి దాటి మాటలు మొదలవగానే వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టేదాన్ని. నాన్న కళ్ళు మూసుకుని వింటున్నాడు. వేలు కిందికి చూపిస్తాడు, నేను తిప్పుతాను. రెండు స్వరాలూ దగ్గర పడుతున్నకొద్దీ వాటి మధ్య ఒక అదురు పుట్టింది. వడివడిగా ఊగే అలలా ఉంది. ఇంకొంచెం తిప్పితే ఆ అలలు నెమ్మదించాయి. ఇంకా నెమ్మదించాయి. ఒకచోట పూర్తిగా ఆగిపోయాయి. ఏది టేపులోదో ఏది గదిలోదో తెలియలేదు.

నాన్న అరచెయ్యి ఎత్తాడు. నేను చెయ్యి తీసేశాను. ఆయన బాజా మీది వేలు తీశాడు. స్వరం మాత్రం ఆగలేదు. అది చాచా పట్టింది.

"అన్నా, జెర ఆగు," అన్నాడు చాచా టేపులోంచి. "నీళ్ళు తాగు ముందుగాల. చెమట చూడు ఎట్ల కారుతున్నదో."

"అక్కర్లేదు, పట్టు నువ్వు," అంది ఇంకో గొంతు.

అది మా నాన్న. లోతుగా, కొంచెం ఇసుక కలిసినట్టుండే గొంతు. స్కూలు నుంచి వస్తుంటే వీధి మొదట్లోకే వినిపించే గొంతు. అది వినగానే, నేను మరిచిపోలేదని తెలిసింది. లోపల ఎక్కడో ఉంది, అంతే.

పద్యం మొదలైంది. చాచీ గోడకు ఆనుకుని, చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. పద్యాన్ని ఆమె పట్టించుకోలేదని కొంతసేపటికి నాకు అర్థమైంది. రాగానికీ రాగానికీ మధ్య టక్కుటక్కుమని చిన్న చప్పుడు వస్తోంది. నేను యంత్రంలో లోపమనుకున్నాను.

"ఉంగరం," అంది చాచీ. "ఆయన ఎడమచేతి ఉంగరం. గాలి కొట్టినప్పుడల్లా చెక్కకు తాకుతుండె. తీసి పక్కకు పెట్టమంటె వినకపోతుండె."

నేను నాన్న వైపు చూశాను. ఆయన పెదాలు పద్యంతో కదులుతున్నాయి. ఒక్క అక్షరం తప్పడం లేదు. టేపులోని గొంతు ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో సరిగ్గా అక్కడ ఆయన మెడ మీది గుడ్డ లోపలికి పీల్చుకుంటోంది. గొంతు పైకి లేచిన చోట ఆయన ఛాతీ లేచింది. రాగం సాగినంతసేపూ గుడ్డ బయటికి కదులుతూనే ఉంది. ఊపిరంతా అలాగే ఉంది. దానికి దారి మాత్రం మారింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు.

పక్కిళ్ళ తలుపులు తెరుచుకున్న చప్పుడైంది. వరండాలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు గానీ ఎవరూ లోపలికి తొంగి చూడలేదు.

ఆ పద్యం అయ్యాక ఇంకోటి, దాని తర్వాత ఇద్దరూ దేనికో నవ్విన నవ్వు, మూడో పద్యం సగంలో టేపు అయిపోయింది. మీట టక్కున పైకి లేచింది. 

నాన్న చాచీ వైపు తిరిగి ఏదో అన్నాడు. ఆమెకు పెదాలు చదవడం రాదు. నా వైపు చూసింది. నేను చదివి చెప్పాను. "ఒకసారి ఆయన బాజా తెస్తే తలుపు వేసుకున్నాను. మీకు చెప్పాడా అని అడుగుతున్నారు."

"చెప్పిండు భయ్యా," అంది చాచీ. "ఇంటికొచ్చి అన్నం తినలే ఆ దినం. 'అన్నకు ఎక్కడ నొప్పి ఉన్నదో అక్కడనే చెయ్యి పెట్టిన' అన్నడు. మీ మీద కోపం లేకుండె. తన మీదనే ఉండె."

నాన్న తల ఊపాడు. మళ్ళీ అడిగాడు. నేను చెప్పాను. "ఆ తర్వాత ఎక్కడన్నా వాయించాడా?"

చాచీ దాచలేదు. "వాయించిండు. అబద్ధం ఎందుకు చెప్పాలె? షాదీలల్ల వాయించిండు, దర్గా కాడ వాయించిండు. పద్యాలకు ఎవరన్న పిలిస్తె పోకపోతుండె. 'నాకు తెలుగు రాదు' అని చెప్తుండె వాళ్ళకు."

నాన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మొదట తెలియలేదు. నవ్వే. చాచాకు తెలుగు రాకపోవడమేమిటి, ఇద్దరి మాటలూ తనే మాట్లాడేవాడు కదా.

వచ్చేటప్పుడు రికార్డర్‌నూ కాసెట్‌నూ నాన్న అక్కడే వదిలేశాడు. చాచీ వద్దంది. నాన్న వినలేదు. ఏ మీట నొక్కాలో, ఏది నొక్కకూడదో చూపించాడు. ఎర్ర మీట నొక్కితే ఉన్నది చెరిగిపోతుందని నా చేత చెప్పించి, అది కూడా చాలక, దాని మీద అడ్డంగా బట్ట ముక్క అతికించాడు. కాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను కూడా విరిచేశాడు. ఇక దాని మీద ఎవరూ కొత్తది ఎక్కించలేరు. అంతకుముందే నేను నా ఫోనులో ఒక కాపీ పట్టుకున్నాను.

తిరుగు దారిలో రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద లారీలు వరసగా ఆగి ఉన్నాయి. మా ఆయన కారు నడుపుతూ, "మామా," అన్నాడు. నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు. "నేనే పరాకుల మాట్లాడిన ఆ దినం. మీది ఇంత మంచి గొంతని నాకెట్ల తెలుస్తది?" నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి, దిగేదాకా తీయలేదు.

ఇప్పుడు నాన్న అప్పుడప్పుడు ఆదివారాలు కొల్లూరు వెళ్తాడు. స్పిరిట్ సీసా, దూది చిన్న సంచిలో పెట్టుకుంటాడు. రికార్డర్ హెడ్డు తుడిచి, చక్రం తుడిచి, సెల్లులు కారకుండా తీసి విడిగా పెట్టి వస్తాడు. ఆయన మాట్లాడలేడు. ఆమెకు చెవులు మందగిస్తున్నాయి. అక్కడ ఏం చేస్తారని ఒకసారి చాచీని అడిగాను. "ఏం చేస్తం బిడ్డా, చాయ్ తాగుతం," అంది.

అమ్మ మాత్రం చాలా రోజులు ఆ ఊసెత్తలేదు. మొన్న ఒక మధ్యాహ్నం నాన్న నిద్రపోతుంటే, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "నీ ఫోనులో ఉందన్నావు కదా, పెట్టు," అంది. పెట్టాను. చాచా నీళ్ళు తాగమనడం, నాన్న అక్కర్లేదనడం, ఆ తర్వాత మొదటి పద్యం వింది. ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. పద్యం అయిపోగానే, "చాలు, ఆపు," అంది. లేచి స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టింది. నాన్న నిద్ర లేచే వేళైంది.